శ్రేయోభిలాషి ఇచ్చిన పుస్తకాలు

మా యూనివర్సిటీ లైబ్రరీకి డెబ్బై అయిదేళ్ళు నిండుతున్నాయని, దాని చరిత్ర రాసే పని నా నెత్తిన రుద్దారు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే పడి ఉన్నాను కాబట్టి నాకు అన్నీ తెలుసని మా లైబ్రేరియన్ గారి నమ్మకం. ఆయన్ని మేమంతా చాటుగా నిచ్చెన సారు అంటాం. పై అరలో పుస్తకం తీయడానికి స్టూలు అక్కర్లేని మనిషి మాలో ఆయనొక్కరే. "అరవై పేజీలు చాలమ్మా, ఫోటోలతో కలిపి," అన్నారు. నేను గుమ్మం దాకా వెళ్ళాక వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి, "ఆ అగ్నిప్రమాదం గురించి రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది. ఎవరి పేరూ వద్దు," అన్నారు.

ఆయన మంచితనానికి నా ఒళ్ళు మండింది. ఆ పేరు మా నాన్నది.

నలభై ఒక్కేళ్ళ కింద మా నాన్న ఆ లైబ్రరీలో బైండరు. చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసేవారు. ఒక మధ్యాహ్నం జిగురు గిన్నె కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టి, తయారైన పుస్తకాలు కౌంటర్లో అప్పజెప్పడానికి వెళ్ళారు. అక్కడ ఎవరో మాటల్లో పెట్టారు. తిరిగి వచ్చేసరికి గది అంటుకుంది. లోపలికి దూకి చేతులతో ఆర్పబోయి, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఉద్యోగం పోయింది. లైబ్రరీ లెక్క ప్రకారం కాలిపోయిన పుస్తకాలు నాలుగు వేల నూట పన్నెండు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బడిలో నా పేరు మానేసి 'తగలబెట్టినాయన కూతురు' అనేవారు.

తర్వాత నాన్న చెప్పుల దుకాణాలకి అట్టపెట్టెలు చేశారు. వేళ్ళు కాస్త వంకర పోయినా ఆ పెట్టెల మూలలు కొలిచినట్టుండేవి. కానీ ఆ రోజు తర్వాత ఆయన పుస్తకం ముట్టుకోలేదు. ఇది మాటవరసకి అనడం లేదు. నా బడిసంచీ దారికి అడ్డంగా ఉంటే జరిపేవారు కాదు, చుట్టూ తిరిగి వెళ్ళేవారు. నా పుస్తకాలకి అట్టలు వేసింది అమ్మ, వంకరటింకరగా. యూనివర్సిటీ మొత్తానికి అట్టలు వేసిన మనిషి పక్కనే కూర్చుని చూస్తూ ఉండేవారు. "నాలుగు వేల నూట పన్నెండు," అనేవారు ఉండుండి, ఎవరూ అడక్కుండానే, అన్నం తింటూ తింటూ. "పోయినవి పోయాయి, ఇంక వదిలెయ్యండి," అనేది అమ్మ. ఆయన వదల్లేదు. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. నాన్నకిప్పుడు ఎనభై ఒకటి, నా దగ్గరే ఉంటారు, ఆ అంకె కూడా ఆయనతోపాటే నా ఇంటికొచ్చింది.

ఆ రోజుల్లో చుట్టాలంతా మొహం చాటేస్తే మా గుమ్మం తొక్కినవాడు ఒక్కడే, అమ్మ తమ్ముడు, మా మామయ్య. ఆయనా అదే లైబ్రరీలో గుమాస్తా. తర్వాత కేటలాగు విభాగానికి పెద్ద అయి, రిటైరయ్యాడు. నన్ను చదివించిందీ, లైబ్రరీ కోర్సులో చేర్పించిందీ, ఉద్యోగానికి దరఖాస్తు తెచ్చి సంతకం పెట్టించిందీ ఆయనే. ఇప్పటికీ ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి నాన్నతో చదరంగం ఆడతాడు. నాన్న ఎవరినీ వంటింట్లోకి రానివ్వకుండా తన చేత్తోనే ఆయనకి టీ పెడతారు. "అందరూ వదిలేసినా వీడొక్కడే నన్ను వదల్లేదు," అని నాతో కొన్ని వందలసార్లు అని ఉంటారు.

చరిత్ర రాయడం మొదట్లో సరదాగానే సాగింది. మొదటి లైబ్రేరియన్ ఒక గుర్రపుశాలని కడిగించి మూడు బీరువాలతో మొదలుపెట్టడం, వరదొచ్చిన ఏడు విద్యార్థులు మెట్ల మీద వరసగా నిలబడి పుస్తకాలు చేతులు మార్చుకుంటూ మేడ మీదికి చేర్చడం, ఇవన్నీ నాకు భలే నచ్చాయి. అన్నిటికన్నా నచ్చింది ఒక దాత కథ. అగ్నిప్రమాదం తర్వాత ఇరవై ఏళ్ళపాటు ఎవరో పేరు చెప్పకుండా పుస్తకాలు ఇస్తూ వచ్చారు. కొత్త పుస్తకాల రిజిస్టరులో 'ఎవరిచ్చినది' అన్న గడిలో 'శ్రేయోభిలాషి' అని మాత్రమే రాసి ఉంటుంది. లెక్కపెడితే తొమ్మిది వందల పైచిలుకు తేలాయి. మా నాన్న చేసిన ఖాళీని ఎవరో మహానుభావుడు గుప్పెడు గుప్పెడుగా నింపాడని కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ ఆయన మీద పేజీన్నర రాశాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే మొట్టాలనిపిస్తుంది.

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. ప్రతి పుస్తకానికీ రిజిస్టరు నంబరు ఒకటి ఉంటుంది. దాన్ని మొదటి పేజీ మీదే కాక, లోపల ఒక పేజీ అడుగున కూడా వేస్తాం. దాన్ని రహస్య పేజీ అంటాం. అది ఎన్నో పేజీ అన్నది సిబ్బందికి తప్ప ఎవరికీ చెప్పం. దొంగ మొదటి పేజీ చింపేసినా, ఆ పేజీ తిప్పితే పుస్తకం మాదేనని తెలిసిపోతుంది. మాది అరవై ఏడో పేజీ. చెప్పేశాను కదా, ఇంక వాళ్ళే మార్చుకుంటారు.

పాత ఆఫీసు ఆర్డర్లు తిరగేస్తుంటే, ప్రమాదం జరిగిన మూడు నెలలకి రహస్య పేజీని మార్చినట్టు ఒక కాగితం దొరికింది. అంతకుముందు అది ముప్ఫై మూడట. నాకే కాదు, మా తరంలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. మంచి విశేషం దొరికిందని సంబరపడి రాసుకున్నాను.

మర్నాడు శ్రేయోభిలాషి పుస్తకం ఒకటి ఫోటో తీయిద్దామని అరలోంచి దించాను. వంతెనలు కట్టడం మీద లావుపాటి పుస్తకం. మొదటి పేజీ మీద నంబరు చీటీ అతికించి ఉంది. అరవై ఏడో పేజీలో అదే నంబరు ఉంది. చేతిదురద కొద్దీ ముప్ఫై మూడు కూడా తిప్పాను. అక్కడ ఇంకో నంబరు ఉంది. 18,406.

బయటివాళ్ళు ఇచ్చిన పుస్తకానికి మా పాత రహస్య పేజీలో మా నంబరు ఎలా వస్తుంది? పాత రిజిస్టరు దించి ఆ వరస పట్టుకున్నాను. అదే పుస్తకం, అదే రచయిత, అదే ముద్రణ. పక్కన ఎర్ర సిరాతో 'కాలిపోయినది' అని ఉంది.

కాలిపోయిన పుస్తకం నా ఒళ్ళో ఉంది. అంచుకి మసి కూడా అంటలేదు. సిగ్గు విడిచి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. పొగ వాసనేమీ లేదు, మామూలు పాత పుస్తకం వాసనే.

నాలుగు రోజులు చరిత్ర పేరు చెప్పి అరల మధ్యే ఉండిపోయాను. శ్రేయోభిలాషి ఇచ్చినవి ఒక్కొక్కటే దించి ముప్ఫై మూడు తిప్పాను. మూడు వందలు చూశాక ఆపేశాను. అన్నిటికీ పాత నంబరు ఉంది, అన్ని నంబర్ల పక్కనా ఎర్ర సిరా ఉంది. ఎవరైనా వచ్చి పలకరిస్తే ఉలిక్కిపడేదాన్ని. దొంగతనం చేస్తున్నది నేనే అన్నట్టుండేది.

అయిదో రోజు అటక మీది కట్టల్లో బైండింగు రిజిస్టరు దొరికింది. ఏ పుస్తకం ఏ రోజు నాన్న గదికి వెళ్ళిందో, ఎప్పుడు తిరిగొచ్చిందో అందులో ఉంటుంది. ప్రమాదం నాటికి వెళ్ళి, తిరిగి రానివి ఎన్నో లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. అరవై ఒకటి.

నాన్న గది నాకు తెలియనిది కాదు. ఇప్పుడందులో చీపుర్లూ బకెట్లూ పెడుతున్నారు. నలుగురు నిలబడితే అయిదోవాడు గుమ్మంలో ఉండాలి. నాలుగు వేల పుస్తకాలంటే తక్కువలో తక్కువ ముప్ఫై బీరువాలు. ఏ బీరువాలో ఎన్ని పడతాయో లెక్కగట్టడం నా వృత్తి. ఇరవై ఆరేళ్ళు రోజూ ఆ గది ముందునించి నడిచి కూడా ఈ లెక్క వేయలేదు. మంట గది వెనకున్న గిడ్డంగికి పాకిందని మామయ్య చెప్పాడు, గిడ్డంగి ఆ ఏడే పడగొట్టి సైకిళ్ళ షెడ్డు వేశారు, మేం నమ్మాం. రిజిస్టరులో ఎర్ర సిరాతో ఉంటే ఇంక అడిగేదేముంది? మా లైబ్రరీ వాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. కళ్ళెదురుగా ఉన్నదాన్ని కాదు, రిజిస్టరులో ఉన్నదాన్ని నమ్ముతాం.

కాలిపోయిన పుస్తకాల జాబితా అసలు ప్రతి కూడా ఆ కట్టలోనే ఉంది. నూట మూడు పేజీలు. చివరి పేజీలో నాన్న ఎడమచేతి వేలిముద్ర, కట్లలోంచి బొటనవేలు ఒక్కటే బయటికి తీసి వేయించింది. జాబితా రాసిన చెయ్యి ఎవరిదో పోల్చుకోవడానికి నాకు నిమిషం పట్టలేదు. ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత పెడతాడు మామయ్య. నాకు లెక్కలు నేర్పింది ఆయనే. నేనూ అలాగే పెడతాను.

సాయంత్రం నేరుగా ఆయన ఇంటికి వెళ్ళాను. వరండాలో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. చివరి పేజీ జిరాక్సు చేతికిచ్చాను. కళ్ళజోడు వెతుక్కుని, తుడుచుకుని, పెట్టుకుని చదివాడు. చీమ కుట్టినట్టయినా లేదు.

"చేతిరాత బాగుండేది అప్పట్లో," అన్నాడు.

"నిజంగా కాలినవి అరవై ఒకటి మామయ్యా."

"అవును. అరవై ఒకటే."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. పోట్లాటకని దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ దేనికీ పనికిరాకుండా పోయాయి.

"కూర్చో, చెప్తాను," అన్నాడు. "పదిహేడేళ్ళు స్టాకు లెక్క చూడలేదమ్మా ఎవరూ. అప్పటి లైబ్రేరియన్ గారు ఏటా వచ్చే ఏడు చూద్దాంలే అనేవారు. తీరా పైనించి తనిఖీకి మనుషులొస్తున్నారని తెలిసేసరికి నాలుగు వేలు కనబడ్డం లేదు. నాతో కలిపి ఆరుగురి ఉద్యోగాలు పోతాయి. సరిగ్గా ఆ వారంలోనే మీ నాన్న గది అంటుకుంది. కనబడనివన్నీ దీంట్లో కలిపెయ్యమన్నారాయన. కలిపేశాను."

"గిడ్డంగి?"

"దానికి మంట తగల్లేదు. అందులో ఉన్నవి విరిగిన బెంచీలు."

"మరి శ్రేయోభిలాషి?"

కొంచెం నవ్వాడు. "పుస్తకాలు ఎక్కడికి పోతాయమ్మా? ఒక్కోటీ దొరకడం మొదలైంది. ప్రొఫెసర్ల ఇళ్ళలోంచి, తప్పు అరల్లోంచి, బీరువాల వెనకనించి. కాలిపోయాయని రాసేశాం కదా, వాటిని మళ్ళీ ఎలా బతికించను? కొత్త నంబరేసి, ఎవరో ఇచ్చారని రాసేవాణ్ణి."

"ముప్ఫై మూడో పేజీ అలాగే వదిలేశావు."

"రహస్య పేజీ మార్పించింది కూడా నేనే. పాత నంబరు గీకితే కాగితం చిరిగేది. పుస్తకం పాడుచెయ్యడానికి చేతులు రాలేదు."

పుస్తకం పాడుచెయ్యడానికి ఆయనకి చేతులు రాలేదట.

"మరి నాన్నకి ఎందుకు చెప్పలేదు?"

"స్టవ్వు వదిలి వెళ్ళింది నిజమే కదమ్మా. అరవై ఒకటికైనా మీ నాన్న ఉద్యోగం పోయేదే."

"ఉద్యోగం సంగతి కాదు. నాలుగు వేలు కాల్చాననుకుంటూ బతికారాయన. నిద్రలో కూడా ఆ అంకె అంటారు. మీరు ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చుని టీ తాగారు."

ఆయన్ని 'మీరు' అన్నానని అనేశాక గానీ నాకు తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అనలేదు. అది ఆయనకీ తగిలింది. మొదటిసారి మొహం దించుకున్నాడు.

"ఇప్పుడు చెప్పి ఏం చేస్తావమ్మా? ఈ వయసులో ఆయన్ని కుదపడం తప్ప," అన్నాడు.

"ఆదివారం మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

ఇంటికి వస్తూ ఎంత గర్వపడ్డానో దాచుకోను. మా నాన్న నెత్తి మీంచి నాలుగు వేల పుస్తకాలు దించబోతున్నానని, ఆయన చేతులు మళ్ళీ పుస్తకాలు పట్టుకుంటాయని, ఆయన చేతికి మొదట ఏ పుస్తకం ఇవ్వాలా అని ఆలోచిస్తూ ఒక స్టాపు ముందే బస్సు దిగిపోయాను.

ఆదివారం మామయ్య వచ్చాడు. వంటింట్లోంచి నేను చెవులు రిక్కించి వింటున్నాను. రెండు ఆటలు ఆడారు, రెండూ నాన్నే గెలిచారు. మోకాలి నొప్పి గురించి మాట్లాడుకున్నారు, కొత్త రోడ్డు మూణ్ణెల్లకే గుంటలు పడడం గురించి మాట్లాడుకున్నారు. నాన్న టీ పెట్టి ఇచ్చారు, ఆయన తాగాడు. గ్లాసు కడిగి బోర్లించి, ఇంక వస్తాను బావా అంటూ చెప్పులేసుకోబోయాడు.

"కూర్చో మామయ్యా," అన్నాను.

ఆయన కూర్చోలేదు. నేను నాన్న ఎదురుగా కుర్చీ లాక్కుని, చుట్టూ తిప్పకుండా చెప్పేశాను. అరవై ఒకటి, స్టాకు లెక్క, జాబితా, వేలిముద్ర, శ్రేయోభిలాషి. నేను చెబుతున్నంతసేపూ మామయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

నాన్న నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. నాకు భయమేసి మంచినీళ్ళ గ్లాసు అందించాను. తీసుకున్నారు గానీ తాగలేదు.

"అరవై ఒకటా?" అన్నారు చివరికి.

"అరవై ఒకటే నాన్నా."

"గిడ్డంగికి పాకిందన్నాడే."

"పాకలేదు."

"ఏవవి? ఆ అరవై ఒకటీ ఏవి?"

బైండింగు రిజిస్టరు నకలు తెచ్చి చదివాను. పదో పేరు దగ్గర చెయ్యెత్తి ఆపారు. "చట్టం పుస్తకాలు ఏడు, ఎర్ర గుడ్డ అట్ట. కుట్టడం అయిపోయింది, జిగురు పెట్టాలంతే," అన్నారు. "అవి నావే. అవి నేనే కాల్చాను. మిగతావి కూడా చదువు." అన్నీ చదివాను. ప్రతిదానికీ తల ఊపారు. ఆయన మొహం తేటపడుతుందని ఒక్కో పేరు దగ్గరా ఆగి చూశాను. తేటపడలేదు. ఏదో లెక్క కుదరనట్టు ఆయన కనుబొమలు ముడిపడే ఉన్నాయి.

అప్పుడు ఆయన మామయ్య వైపు తిరిగారు. కోప్పడతారనుకున్నాను. తిట్టినా, పొమ్మన్నా, చెంప పగలగొట్టినా నేను అడ్డుపడేదాన్ని కాదు.

"ఏరా," అన్నారు మెల్లగా, "మీ అక్కకి తెలుసా?"

మూడు వందల పుస్తకాలు తిరగేసినదాన్ని, నూట మూడు పేజీల జాబితా చదివినదాన్ని, ఈ ఒక్క ప్రశ్న నా బుర్రకి తట్టనేలేదు. మామయ్య నా వైపు చూశాడు. లేదని చెప్పమని కళ్ళతోనే బతిమాలాను. నిజం చెప్పి తీరాలని పట్టుబట్టిందీ నేనే, ఒక్క అబద్ధం చెప్పమని వేడుకుందీ నేనే.

"తెలుసు బావా," అన్నాడు మామయ్య. "జాబితా రాసిన రోజే చెప్పాను. నీకు చెప్పొద్దన్నది అక్కే. నువ్వు ఊరుకోవు, పైకెళ్ళి గొడవ పెడతావు, నా ఉద్యోగమూ పోతుందని భయపడింది. అప్పటికి రెండిళ్ళకీ నా జీతమే ఆధారం. పిల్ల చదువు అయ్యాక చెబుదామంది. అయ్యాక ఎలా చెప్పాలో అక్కకీ తెలియలేదు, నాకూ తెలియలేదు."

పోయినవి పోయాయి, వదిలెయ్యండి అని అమ్మ అన్నప్పుడల్లా పక్కనే కూర్చుని అన్నం తిన్నాను నేను. ఆ మాట ఎంత ఓపికతో అనేదో అని మెచ్చుకునేదాన్ని. ఇప్పుడు అమ్మ గొంతు గుర్తు తెచ్చుకోవాలన్నా నాకు భయమేసింది.

నాన్న మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టారు.

"మీ అమ్మ ఆసుపత్రిలో తన ఆఖరి రోజున నా చెయ్యి పట్టుకుంది," అన్నారు. "నన్ను క్షమించండి అంది. దేనికే అన్నాను. చెప్పబోయింది. నన్ను వదిలి ముందు పోతున్నందుకనుకుని, దానికేముందే పిచ్చిదానా, పడుకో అన్నాను."

"నాన్నా," అన్నాను.

"చెప్పనివ్వాల్సింది," అన్నారు నాన్న. "చెప్పబోతుంటే నేనే ఆపేశాను."